దులిపిన బట్టలు

ఆసుపత్రి వసారాలో భర్త తొక్తొసున్ కోటును రెండుసార్లు దులిపి మడత పెట్టుకుంది సైకల్. దులపడం ఆమె చేతులకు అబ్బిన విద్య. "తడపకముందే దులుపు కోడలా, సబ్బు కలిసొస్తుంది," అనేది అత్తగారు. యురేనియం ఫ్యాక్టరీ నుంచి తొక్తొసున్ రాగానే అతని పనిబట్టలను పెరట్లోకి తీసుకెళ్ళి దులిపేది. పచ్చటి దుమ్ము ఆమె కనురెప్పల మీద, పెదవుల మీద వాలేది. అలా పద్దెనిమిదేళ్ళు. హానికరమైన పని కనుక ఫ్యాక్టరీవాళ్ళు అతనికి రోజూ అర లీటరు పాలిచ్చేవారు. ఒకనాడు ఆమె ఒక గుక్కెడు వంచుకోబోతే అత్తగారు గిన్నె లాక్కుంది. "అవి ఫ్యాక్టరీలో చచ్చేవాడి పాలు. నువ్వు ఇంట్లో ఊరికే ఉండేదానివేగా!"

పాత పనివాళ్ళను పరీక్షించడానికి ఈరోజు రాజధాని నుంచి డాక్టరమ్మ వచ్చింది. తొక్తొసున్ నవ్వుతూ బయటికొచ్చాడు.

"గుర్రం ఊపిరితిత్తులట నావి! పద ముసలీ, బస్సు పోతుంది."

లేవబోయిన సైకల్‌కు దగ్గు తెర వచ్చింది. డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచక్కా ఈ దగ్గు?"

"దానిదేముందమ్మా, పొయ్యి పొగ," అన్నాడు తొక్తొసున్. "ఫ్యాక్టరీ గడప తొక్కిన మనిషి కాదు."

"మీ పనిబట్టలు ఎవరు ఉతికేవారు?"

"భలే అడిగారు! ఇంట్లో ఆడది ఉండగా ఇంకెవరు?"

డాక్టరమ్మ సైకల్ వైపు తిరిగింది. "ఆ దుమ్ములోని ప్రమాదకరమైన కిరణాలు చర్మం దాటలేవక్కా. ఊపిరితో లోపలికి పోతే మాత్రం అడ్డేమీ ఉండదు, జీవకణాలను చీలుస్తాయి. కణం తన చిరుగు తానే కుట్టుకుంటుంది. ఒక్కోసారి వంకరగా కుట్టుకుంటుంది. ఆ వంకర ఇరవై ఏళ్ళకు బయటపడొచ్చు."

"నా దగ్గు దానివల్లేనా?"

"అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఎక్స్‌రే తీసి చూడాలి. కానీ జాబితాలో పనివాళ్ళ పేర్లే ఉన్నాయి."

అతను ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. ఫ్యాక్టరీ మాత్రం అతని భుజాలెక్కి రోజూ ఇంటికొచ్చేది. దాన్ని గుమ్మంలో ఎదురెళ్ళి అందుకున్నది, దులిపినది, పీల్చినది ఎవరు? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగాలని తనకైనా ఎందుకు తోచలేదు?

"బస్సు!" అన్నాడు తొక్తొసున్.

సైకల్ కోటును అతని చేతుల్లో పెట్టింది.

"మీరు వెళ్ళండి. నేను చూపించుకుని వస్తాను."

లోపలికెళ్ళి, కుర్చీ లాక్కుని, జాబితా అడుగున తన పేరు రాసింది. 'చేసిన పని' అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది.

ఊరికే ఉన్న పద్దెనిమిదేళ్ళకు ఆ గడి చాలలేదు.