ఆగడం తెలిసిన కణం

ఆ ప్రెస్సులో మిషన్ మేస్త్రిని అందరూ 'ఆగని మనిషి' అంటారు. ఒంట్లో బాగాలేదని ఆయన ఇంట్లో కూర్చున్న రోజు లేదు. సెలవు అడిగినవాళ్లను దెప్పడానికి యజమాని పదిమందిలో ఆ మాటే ఎత్తుతాడు. మేస్త్రి మీసం మెలేస్తాడు. పాఠకులారా, ఆయనను అని ఏం లాభం? జ్వరంతో పనికి వచ్చినవాణ్ణి చూసి 'ఎంత బాధ్యత!' అని మెచ్చుకునేది మనమే. నాకు ఒళ్లు మండేది ఆ మెప్పు మీదే.

పాఠ్యపుస్తకాల అచ్చు జోరుగా సాగుతున్న రోజుల్లో మేస్త్రికి ఫ్లూ పట్టుకుంది. పొద్దున్నే ఓ మాత్ర మింగి చెప్పులు వేసుకున్నాడు. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"డాక్టరమ్మ ఇంట్లో ఉండమంది కదండీ!"

"జలుబుకి సెలవేమిటే? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీండి! అక్కడ అక్కయ్య కూడా ఉంటుంది. ఆవిడ ఆయాసం సంగతి మీకు తెలీదా?"

అక్కయ్య అంటే మేస్త్రి వదిన. తల్లి పోయాక ఆయనను కన్నకొడుకులా పెంచింది. భర్త పోయాక అదే ప్రెస్సులో బైండింగు పనికి కుదిరింది. చిన్ననాటి నుంచీ ఉబ్బసం.

భార్య మాట పెడచెవిన పెట్టి మేస్త్రి వెళ్లాడు. దగ్గుతూనే మిషన్ నడిపాడు. అచ్చయిన కాగితాలు బైండింగు బల్ల మీదికి తానే మోసుకెళ్లి, వదిన పక్కనే నిలబడి తుమ్మాడు. ఇంతలో ఒక కాగితం మీద సిరా మరక కనబడింది. ఒక్క గెంతులో వెళ్లి మిషన్ ఆపేశాడు.

"అచ్చు ప్లేటు పాడైంది! ఇక ఎన్ని తీసినా అన్నీ ఇలాగే వస్తాయి. ఒక్కటి బయటికి పోయినా నా పరువు పోతుంది!"

"మిషన్‌ని ఆపావు, బాగానే ఉంది. నిన్నెవరు ఆపుతారయ్యా? ఇంటికి పో" అంది వదిన. ఆయన నవ్వేశాడు.

వారం తిరక్కుండా బైండింగువాళ్లు ఒక్కొక్కరే జ్వరంతో పడి, బల్లలు సగం ఖాళీ అయ్యాయి. వదిన ఆసుపత్రిలో చేరింది. మేస్త్రికి దగ్గు తగ్గలేదని ఆసుపత్రివాళ్లు ఆమె గదిలోకి రానివ్వలేదు. అద్దం తలుపు బయట నిలబడి, వదినను చూసి బయటికి వచ్చిన డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఊపిరితిత్తుల్లో కణాలు చచ్చిపోతున్నాయన్నారు. చూస్తూ ఊరుకుంటారా? ఆపరేం?"

"ఆ చావుల్లో కొన్ని ఆవిణ్ణి కాపాడేవేనండీ" అందామె. "వైరస్ తనంతట తాను పెరగలేదు. మన కణంలో దూరి, దానిచేతే తనలాంటివాటిని తయారు చేయించుకుంటుంది. అది పసిగట్టిన కణం తనను తానే చంపుకుంటుంది. ఆ ఏర్పాటు దానిలో ముందే ఉంటుంది. అది పోతే లోపల వైరస్ పని ఆగిపోతుంది, పక్క కణాలకు పాకడం తగ్గుతుంది."

"మరి ఈ ఆయాసం?"

"వైరస్ మరీ పెరిగిపోతే ఆ చావులు హద్దు దాటతాయి. వాపు వచ్చి ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. ఆవిడవి అసలే బలహీనం. మేం చేయగలిగింది చేస్తున్నాం."

మేస్త్రి బెంచీ మీద కూలబడ్డాడు. పాడైన ప్లేటుతో మిషన్ నడపకూడదని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా తనను తాను ఆపుకోలేదు. చేతిలో ఫోన్ మోగింది. యజమాని.

"బైండింగు పడుకుంది. నువ్వైనా వచ్చి మిషన్ నడుపు. కాస్త దగ్గేగా!"

"రానండి."

"ఆగని మనిషివి, నువ్వేనా ఈ మాటనేది?"

"ఆగకపోబట్టే మా వదిన ఇక్కడ పడుకుంది. దగ్గేవాళ్లను మీరూ ఇళ్లకు పంపండి."

అద్దం అవతల వదిన కళ్లు తెరిచింది. ముఖాన ఆక్సిజన్ మాస్కు. మరిదిని గుర్తుపట్టి, చెయ్యెత్తి, ఇంటికి పొమ్మని సైగ చేసింది. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకులాడింది. తలుపు తోయలేదు. కళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లాడు.

కంటికి కనబడని కణం పక్కవాటి కోసం ప్రాణమే వదులుతుంది. మనం వదలవలసింది నాలుగు రోజుల పని, యజమానులు వదలవలసింది ఆ నాలుగు రోజులు మనల్ని పీడించడం, అంతే.