పిండి పొంగిన నేల

బ్యాడ్జీలు పంచిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో చెప్పే బ్యాడ్జీలవి. మూర్మాన్‌స్క్ రేవులో, మా మెజెన్ ఓడ డెక్కు మీద, పేరు పిలవగానే ఒక్కొక్కరం వెళ్ళి తీసుకున్నాం. పందొమ్మిది మందికి పందొమ్మిది. ఇరవయ్యో మనిషి గ్లాషా పిన్ని, మా వంటామె. తడి చేతులు తుడుచుకుని ముందుకొచ్చేసరికి, ఆఫీసు నుంచి వచ్చిన బెర్సెనెవ్ పెట్టె మూసేశాడు.

"వంటగది శుభ్రమైన చోటు. నీకెందుకు?" అన్నాడు, ఆమె ముఖమైనా చూడకుండా.

పదకొండేళ్ళుగా అదే మాట. విని విని మా చెవులు మొద్దుబారిపోయాయి.

మెజెన్ ఒకప్పుడు కలప మోసేది. అణుశక్తితో నడిచే ఓడలు కొన్ని మంచు చీల్చుకుంటూ తిరుగుతాయి కదా, అవి వాడి వదిలేసిన ఇంధనాన్ని మోయడానికి తర్వాత దీన్ని మార్చారు. రేడియేషన్ బయటికి రాకుండా సరుకు గదుల చుట్టూ సీసం, ఉక్కు పెట్టారు. కెప్టెన్ గదుల వైపు మందంగా, మా వైపు పల్చగా. వంటగదిని మాత్రం కదపలేదు. అది సరిగ్గా రెండో సరుకు గది నెత్తిన ఉంది. వాడేసిన ఇంధనం ఏళ్ళ తరబడి వేడి కక్కుతూనే ఉంటుంది. డెక్కు మీద తాళ్ళు మంచుకి కర్రల్లా బిగుసుకుపోయినా వంటగది నేల గోరువెచ్చగా ఉండేది. గ్లాషా పిన్ని రొట్టెపిండి కలిపి, గిన్నె ఆ నేల మీద పెట్టి, పక్కనే ముక్కాలిపీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కేది. చూస్తుండగానే పిండి పొంగేది. ఇంత మెత్తటి రొట్టె ఏ ఓడలోనూ దొరకదని రేవంతా గొప్పలు చెప్పుకున్నాం, సిగ్గులేని వాళ్ళం. ఆ నేల ఎందుకు వెచ్చగా ఉందో ఇంజను గదిలో పనిచేసే నాకు తెలియదా? తెలిసే తిన్నాను.

ఆ శీతాకాలం ఆమెకు ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. తర్వాత ఓ రోజు పీట మీంచి లేవలేకపోయింది. రేవు డాక్టరు ఓసారి వయసన్నాడు, ఓసారి చలి అన్నాడు. లెనిన్‌గ్రాద్‌లో మాలాంటి ఓడల వాళ్ళకని ఒక ఆస్పత్రి ఉంది. అక్కడ మంచం కావాలంటే బ్యాడ్జీ లెక్కలు రాసే రేడియేషన్ పుస్తకం చూపాలి. పుస్తకం ఉండాలంటే బ్యాడ్జీ ఉండాలి. బ్యాడ్జీ లేదు కాబట్టి ఆమెకు రేడియేషన్ తగల్లేదు, తగల్లేదు కాబట్టి జబ్బే లేదు. ఈ ముక్క చెప్పించుకోడానికి నాలుగు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. యూనియన్ నాయకుడు మా అర్జీ మూడుసార్లు తీసుకుని, మూడుసార్లూ చదువుతానన్నాడు.

చివరికి భోజనాల గదిలో మీటింగు పెట్టుకున్నాం. ఓడ ఆపేద్దామని కుర్రాళ్ళు, ఆపితే కేసులు పెడతారని పెద్దవాళ్ళు. గొంతులు పోయేదాకా అరుచుకున్నాం. రేవులో బ్యాడ్జీల లెక్క చూసే రోదియోన్ కూడా వచ్చాడు. ఓడ శుభ్రంగా ఉందని మీ బ్యాడ్జీలే చెబుతుంటే నేనేం రాయను అని అడిగాడు. రేడియేషన్ మోతాదు దాటిన వాణ్ణి ఓడ దింపేస్తారు. అందుకని సరుకు గదిలోకి దిగేముందు బ్యాడ్జీ తీసి సొరుగులో పడేయడం మా అందరి అలవాటు.

డెక్కు మేస్త్రి సవేలీ లేచాడు.

"ఆఫీసోడు ఆమెని చంపుతున్నాడని అరుస్తున్నాం గదా. ఓడ శుభ్రమని వాడికి కాయితం రాసిచ్చింది ఎవడ్రా? నా సొరుగు. నీ సొరుగు." తన బ్యాడ్జీ పీకి బల్ల మీద పెట్టాడు. "ఈ ప్రయాణమంతా ఇది పిన్ని పీట పక్కన గోడకే ఉంటది."

మిగతా పద్దెనిమిదీ దాని పక్కన చేరాయి. మీ పని పోతుందిరా అని గ్లాషా పిన్ని గునిసింది.

"పోతే పోనీ పిన్నీ. ముందు నీకు మంచం దొరకాలి," అన్నాడు సవేలీ.

తిరిగొచ్చాక రోదియోన్ డెక్కు మీదే అందరికీ వినబడేలా లెక్క చదివాడు. ఏడాదికి అనుమతించిన మోతాదు ఒక్క ప్రయాణంలో దాటింది, పందొమ్మిదింటిలోనూ. సిరాతో రాసి సంతకం పెట్టాడు. వాణ్ణి మర్నాడే గోదాముకి బదిలీ చేశారు.

బెర్సెనెవ్ పరుగున వచ్చాడు. బ్యాడ్జీ గుండె మీద పెట్టుకోవాలని, గోడకి తగిలించడం మోసమని, ఈ లెక్క చెల్లదని అన్నాడు.

"అయితే ఆవిడకొకటి ఇవ్వండి. గుండె మీదే పెట్టుకుంటది," అన్నాడు సవేలీ.

ఇవ్వలేదు. పైగా మోతాదు దాటిన వాళ్ళని ఓడలో ఉంచకూడదని, చెల్లదన్న ఆ లెక్కనే చూపించి మా పందొమ్మిది మందినీ దింపేశాడు. పని చేయలేదని పిన్నినీ పంపేశాడు. ఆమె మంచానికి పనికిరాని కాయితం మమ్మల్ని గెంటడానికి పనికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

వారం తిరిగేసరికి అర్ఖాంగెల్‌స్క్ రేవు నుంచి బస్సులో కొత్త వాళ్ళని దించారు. మేమంతా రేవులో నిలబడ్డాం. దారికి అడ్డం పడలేదు. సొరుగుల సంగతి, రెండో సరుకు గది సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పాం. రహస్యాలు బయటపెడుతున్నాడని మిలీషియా పోలీసులు సవేలీని వ్యానెక్కించారు. వాడు ఆపిన చోటు నుంచి నేను అందుకున్నాను.

కొత్త వంటామె పేరు ఉస్తీన్యా. పాతికేళ్ళుంటాయేమో. గ్లాషా పిన్ని ముక్కుకి గుడ్డ అదుముకుంటూనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"పిండిగిన్నె నేల మీద పెట్టకమ్మా. నువ్వూ కూర్చోకు. ముందు బ్యాడ్జీ అడుగు."

బెర్సెనెవ్ పెట్టె తెరిచి పేర్లు పిలిచాడు. పందొమ్మిది పంచి మూసేశాడు.

"నాది?" అంది ఉస్తీన్యా.

"వంటగది శుభ్రమైన చోటు."

ఆ పిల్ల గ్లాషా పిన్ని గుడ్డ వంక చూసింది. సూట్‌కేసు నేల మీద పెట్టి, దాని మీద కూర్చుంది. కొత్త డెక్కు మేస్త్రి తన బ్యాడ్జీ విప్పి బెర్సెనెవ్ పెట్టె మీద పెట్టి, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత ఇద్దరు.

గ్లాషా పిన్నికి ఇంకా మంచం దొరకలేదు. సవేలీని ఇంకా వదల్లేదు. మెజెన్ రేవులోనే ఉంది. ఇరవయ్యో బ్యాడ్జీ వచ్చేదాకా అక్కడే ఉంటుంది.