చక్రాల జాడ తెగిన చోట

"కాలర్ గట్టిగా ఇస్త్రీ సెయ్యి. ఇయ్యాల సర్చిలో సాక్ష్యం సెప్పాల," అన్నాడు మా ఆయన ఆరోన్, అద్దం ముందు నిలబడి మీసం సర్దుకుంటూ.

చెయ్యనా మరి! నిన్న బారువ తీరంలో విమానం ఎగరేసిన మనిషాయె. అదీ సొంతంగా చేసుకున్న విమానం. కాశీబుగ్గలో వెల్డింగ్ షాపు నడుపుకునేవాడు, గొట్టాలు అతికి, ఎవరో వదిలించుకున్న ఇంజను తెచ్చి బిగించి, ఒక్క మనిషి పట్టేలా తయారుచేశాడు. ఆ రెక్కల గుడ్డంతా కుట్టింది నేను, జాకెట్లు కుట్టే మిషను మీద. "నా కోడలు ఇమానానికి రయికి కుడతన్నాదర్రా," అని మా అత్త సువర్ణమ్మ వీధివీధంతా నవ్వించింది. నిన్న అదే వీధివాళ్లతో, "నా కొడుకు ఒక్కడే సేసినాడు, ఒక్కడే," అంది. నేనక్కడే ఉన్నాను, వచ్చినవాళ్లకి ఉప్మా వడ్డిస్తూ.

గాల్లోకి లేపే ముందు నేల మీద పరిగెత్తించి చూడాలట. పోటు తగ్గాక తడి ఇసుక రోడ్డులా గట్టిపడుతుంది కదా, అక్కడికి తీసుకెళ్లేవాళ్లం. "నువ్వు బక్కదానివి, నువ్వు కూకో. సక్రం ఎటు లాగుతున్నాదో నాను ఎనక నుంచి సూత్తాను. కర్ర మాత్రం ఎనక్కి లాగకు," అనేవాడు. కాళ్ల మధ్య ఉండే ఆ కర్ర లాగితే విమానం లేస్తుంది. లేపాల్సింది ఆయన. అలా ఎన్ని పొద్దులు ఆ ఇసుక మీద అటూ ఇటూ పరిగెత్తించానో.

ఒక పొద్దున ఆయనకి ఫోనొచ్చి అటు తిరిగాడు. సముద్రం మీంచి ఎదురుగాలి. నేను వేగం పెంచాను. కర్ర లాగానా, అదే వచ్చిందా? లాగాను. ఇంకా ఎవరి దగ్గర దాచాలి! చక్రాల గడగడ ఠక్కున ఆగిపోయింది. ఒళ్లు తేలికైపోయింది. పక్కకి చూస్తే కింద ఇసుక మీద నా నీడ, రెక్కలతో సహా, నాతో సంబంధం లేనట్టు పరిగెడుతోంది. పెళ్లయ్యాక అంత సంతోషం నేనెరగను. కడుపులోంచి నవ్వొచ్చింది. ఆ వెనకే, నా బుద్ధి మండా, 'అయ్యో, మొదట ఎగరాల్సింది ఆయన కదా' అనిపించింది. చేపల కూరలో మంచి ముక్కలన్నీ ఆయన కంచంలో వేసి తలా తోకా నేను తినే అలవాటు, అక్కడిదాకా నాతో వచ్చింది. ఇంజను తగ్గించేశాను. దబ్బున పడ్డాను, ఇరుసు వంగిపోయింది.

దిగి వెనక్కి చూశాను. తడి ఇసుక మీద చక్రాల జాడ వచ్చి వచ్చి ఒకచోట తెగిపోయింది. తర్వాత అంతా ఖాళీ, గీత లేదు. మళ్లీ ఇంత దూరాన మొదలైంది. ఒక అల వచ్చి తుడిచేస్తే బాగుండునని కోరుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

ఆరోన్ పరిగెత్తుకొచ్చాడు. "ఓలమ్మో! ఏటి సేసీసినావే? ఆడోల సేతికిత్తే ఇంతే."

"గోతిలో పడ్డాది బావా," అన్నాను.

ఏదీ గొయ్యి అంటూ జాడ పట్టుకుని వెనక్కి వెళ్లాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చి గొయ్యి ఊసే ఎత్తలేదు. "రేపట్నించి నువ్వు రావద్దులే. నానే కూకుంటాను," అన్నాడు. ఇరుసు వంచానని కోపం కాబోలు అనుకున్నాను.

నిన్న ఆయన ఎగరేసి ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను, "కింద నీడ సూసినావా బావా?"

"నీడేటి? పేనాలు అరసేతిలో ఎట్టుకుని ఎదరకే సూసినాను."

అప్పట్నించీ ఏడుపు ఆగడం లేదు నాకు, లోపల. ఎవరికీ చెప్పలేదు. ఆ నీడైనా చూడని మనిషి కోసం ఎందుకు దించేశాను? తీరం చివరున్న కొబ్బరితోట దాకా అయినా వెళ్లాల్సింది. ఇంకాస్త ఉండాల్సింది.

చర్చిలో ఆరోన్ సాక్ష్యం బాగా చెప్పాడు. "నా బార్య కూడా సాయం సేసినాది, టిపినీలు గట్రా," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు. జ్వరం తగ్గిందనో, పిల్లలు పాసయ్యారనో ఆడవాళ్లు లేచి చెబుతుంటారు. నేను లేచాను.

"నీకేటే? కూకో," అని అత్త నా కొంగు లాగింది. కొంగు విడిపించుకున్నాను.

"దేవునికి స్తోత్రం. మా ఆయన కన్నా ముందు ఆ ఇమానంలో దేవుడు నన్ను పైకెత్తినాడండి. నానే దించీసుకున్నాను. ఇంకోపాలి ఎత్తితే దిగను. అదే నా సాక్ష్యం."

చర్చంతా ఆరోన్ వైపు తిరిగింది. నేనూ చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నేను ఇస్త్రీ చేసిన కాలర్‌లోకి తల దించుకున్నాడు. ఆ పొద్దున ఇసుకలో అంతసేపు నిలబడి ఏం చూశాడో నాకప్పుడు అర్థమైంది.