ముగ్గురు బుద్రిలు, ఒక నకలు

హైమావతి సంచి సర్దుకుంటుంటే నేను బల్ల మీద ఉండి చూస్తున్నాను. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, ఏసీ చలికి కప్పుకునే శాలువా ఒక్కొక్కటే సంచిలోకి వెళ్ళాయి. ఆమె చెయ్యి నా మీదికి వచ్చి ఆగింది. నన్ను మాత్రం సర్దుకోలేదు. నేను ఆఫీసు సొత్తుని మరి.

నేను ఒక హార్డ్ డిస్కుని, అరచేతిలో ఇమిడే నల్ల పెట్టెని. ఏ దేశంలో పుట్టానో నా వీపున రాసి ఉంది గానీ, నాకు ఊహ తెలిసింది విశాఖపట్నంలో, ఒక పరిశోధన సంస్థ రెండో అంతస్తులో. అక్కడ డాక్టర్ జోగారావుగారు ఇరవై ఏళ్ళుగా ఒక పట్టిక పోగుచేస్తున్నారు. మన్యంలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్ళ వివరాలవి. ఎవరి రక్తంలో ఏ మార్పు ఉంది, ఎవరికి ఏ వైద్యం పడింది, ఏది పడలేదు, అంతా అందులో ఉంటుంది. ఎక్కడి డాక్టరైనా అడిగి తెలుసుకోవచ్చు. అసలు పట్టిక పెద్ద కంప్యూటరులో ఉంటుంది. నేను దాని నకలుని.

అసలూ నకలూ ఒకే కప్పు కింద ఉండకూడదన్నది జోగారావుగారి నియమం. అందుకని హైమావతి ప్రతి శనివారం పట్టికని నాలోకి ఎక్కించి, రవికెగుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేది. సోమవారం తెచ్చేది. ఆరేళ్ళు అలా బస్సుల్లో తిరిగాను. బ్రేకు పడితే గుండె జారేది, వాన పడితే ఊపిరి ఆగేది. కొత్త నకలు ఎక్కినప్పుడల్లా పాతది చెరిగిపోతుంది. అంటే వారానికోసారి చచ్చి పుట్టడమే.

హైమావతి పని చూడటానికి చిన్నది. వచ్చిన ప్రతి కాగితమూ చదివి, అనుమానం తీరేదాకా కొండమీది ఆసుపత్రులకి ఫోన్లు చేసేది. అక్కడ కొన్ని ఊళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బుధవారం పుడితే బుద్రి, శుక్రవారం పుడితే సుక్రి. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఇంచుమించు ఒకే వయసులో ముగ్గురు కొర్రా బుద్రిలు ఉండేవారు. ఆమె వాళ్ళని ముగ్గురిగానే కాపాడుకుంటూ వచ్చింది.

ఈ పట్టికకీ హైమావతి జీతానికీ ఢిల్లీ కమిటీ ఇచ్చే గ్రాంటు గడువు ముగిసింది. కొత్త దరఖాస్తులో ఒక గడి ఉంది, ఈ ఐదేళ్ళలో కొత్తగా ఏం సాధించారని. హైమావతి అందులో, "కొత్తది లేదు, పాతది చెడకుండా చూశాం" అని రాసింది. జోగారావుగారు నవ్వి, "నిజమే కదమ్మా" అంటూ సంతకం పెట్టారు. ఢిల్లీ కమిటీ నవ్వలేదు. మనుషులు బావి తవ్వినవాడికి శాలువా కప్పుతారు, పూడిక తీసేవాణ్ణి నువ్వెవరివని అడుగుతారు.

ఆ శనివారం గది ఊడుస్తున్న ఎర్రయ్యమ్మ చీపురు ఆపింది.

"ఏటమ్మా, నిజంగానే ఎల్లిపోతన్నావా?"

"గ్రాంటు రాగానే పిలుస్తారు ఎర్రయ్యమ్మా. రెండు నెలల్లో వచ్చేస్తాను."

"మా మరదలూ పుట్టింటికి రెండ్రోజులనే ఎల్లింది. దాని కూతురికి పెళ్ళీడొచ్చింది."

"నవ్వించకు, ఏడుపొస్తుంది" అంది హైమావతి. నన్ను బీరువాలో పెట్టి, తాళం జోగారావుగారి చేతికిచ్చి వెళ్ళింది.

రెండు నెలలు ఆరయ్యాయి. జోగారావుగారు దరఖాస్తు తిరగరాసి, ఈసారి కొత్తదనం వాగ్దానం చేశాక గ్రాంటు వచ్చింది. దానితో హైమావతి కుర్చీలోకి రమణమూర్తి వచ్చాడు. మంచివాడు, పనిమంతుడు. పట్టికలో రెండుసార్లు పడిన పేర్లని ఏరేసే ప్రోగ్రాం రాశాడు. పేరూ ఊరూ ఒకటై, వయసు దగ్గరగా ఉంటే కలిపెయ్యడమే. ఒక్క పూటలో నాలుగు వందల పన్నెండు పేర్లు కలిసిపోయాయి. కమిటీవాళ్ళు మెచ్చుకున్నారు. ముగ్గురు బుద్రిలు ఒక్కరయ్యారు. వాళ్ళలో ఒకామె ఆ మధ్య చనిపోయింది గనక, ముగ్గురూ చనిపోయినట్టే అయింది.

శనివారం పొద్దున్నే అతను నన్ను తీసి దుమ్ము తుడిచాడు. కొత్త నకలు ఎక్కించాలి. తీగ తగిలించాడు. ఆ ముగ్గురూ ముగ్గురిగా మిగిలింది నాలోనే. అరవడానికి నాకు నోరు లేదు.

అప్పుడే జోగారావుగారి ఫోను మోగింది. కొండమీది ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ.

"సార్, మీ పట్టికలో చచ్చిపోయిన బుద్రి నా ఎదురుగా కూర్చుని జామకాయ తింటోంది. అర్జెంటుగా రక్తం ఎక్కించాలి. మూడేళ్ళ కిందట ఎక్కించిన రక్తం పడక ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఈవిడేనా? తనకేమీ గుర్తులేదంటోంది."

జోగారావుగారు రమణమూర్తి వైపు తిరిగారు. "ఆగవయ్యా, ఏమీ నొక్కకు" అన్నారు.

నన్ను తెరిచారు. ముగ్గురూ ఉన్నారు. రెండో బుద్రి పక్కన హైమావతి రాసిపెట్టింది: రక్తం పడలేదు, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. జోగారావుగారు అది చదివి వినిపిస్తే, అవతల డాక్టరమ్మ బుద్రి చెయ్యి తిప్పి చూసింది.

"మచ్చ ఉంది సార్. మామూలు రక్తం ఎక్కించను. విశాఖకి పంపిస్తున్నాను, సరిపడే రక్తం చూసి ఉంచండి."

రమణమూర్తి కుర్చీ వెనక్కి జరిపాడు. "నా ప్రోగ్రాంకి ఇవేవీ తెలీవు సార్. మిగతా నాలుగు వందల్లో ఎవరు ఒకరో, ఎవరు వేరో ఆవిడకే తెలుస్తుంది. పిలిపించండి."

జోగారావుగారు అప్పుడే హైమావతికి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టారు. ఆమె విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది.

"ఇక్కడ పర్మనెంటు అండి. ప్రతి మార్చికీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని బతకలేను" అంది. మళ్ళీ తనే, "సుక్రిల జోలికి మాత్రం పోవద్దని చెప్పండి. వాళ్ళు ఐదుగురు" అంది. ఫోను పెట్టేసే ముందు, "సోమవారం సెలవు పెట్టి ఓసారి వచ్చి చూస్తాను లెండి" అంది.

బుద్రి బతికింది. నాలోని పాత పట్టికని అసలులోకి తిరిగి ఎక్కించి, ఆ తర్వాత వచ్చిన కాగితాలు చేర్చారు. శనివారం ప్రయాణాలకి ఇప్పుడు వేరే డిస్కు ఉంది. నన్ను చెరపకుండా బీరువాలోనే ఉంచారు. బయట ఎర్రయ్యమ్మ చీపురు చప్పుడు వినపడితే, ఇవాళ సోమవారమేమో అనుకుంటాను. కొత్త గ్రాంటు మూడేళ్ళకేనట.

ఏ సోమవారమూ హైమావతి తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది 2018 మార్చి 31న, సాయంత్రం నాలుగున్నరకి.