కట్ చేసిన వైరు వాపసు లేదు

అప్పటికి కొమురెల్లి సన్న వైరును పదకొండు బారలు లాగాడు. పన్నెండో బారకు చేతులు చాచి, ఎదురుగా నిలబడ్డ ఆవిడను అడగకూడని మాట అడిగాడు.

"దేనికమ్మా ఇది?"

"గీజరుకు."

లాగిన పదకొండు బారలనూ మళ్లీ చుట్టేశాడు. సన్నది లైట్లకు, ఫ్యాన్లకు. గీజరు దాని మీద పెడితే గోడలోనే మాడుతుంది, లావుది తీసుకోండి అన్నాడు. ఆవిడకు ఆ ఉపన్యాసం రుచించలేదు. పక్క దుకాణానికి వెళ్లిపోయింది.

మట్టెవాడలోని ఆ ఎలక్ట్రికల్ దుకాణంలో ముప్పై ఒక్కేళ్లుగా కొమురెల్లిది ఇదే వరస. పొట్టి మనిషి, పొడుగు చేతులు. వైరు తొక్క తీసీ తీసీ ఎడమ బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. చుట్టాలింటికి భోజనానికి వెళ్లినా ముందు స్విచ్ బోర్డు చూసి, తర్వాతే కాళ్లు కడుక్కునే రకం.

పాత సేటు కొడుకు రమాకాంత్ గల్లా దగ్గర నుంచి లేచాడు.

"కాకా, నువ్వు అమ్ముడు కంటే వాపసు పంపుడే ఎక్కువైంది. ఇంకొక్క గిరాకీ పోతే రేపటి నుంచి రాకు. కోపంల అంటలేను."

కోపంలో అని ఉంటే కొమురెల్లి పట్టించుకునేవాడు కాదు. మెత్తగా అనేసరికి గుండె జారింది. యాభై తొమ్మిదేళ్లు వచ్చాయి, వైరు తప్ప మరో పని తెలియదు. ఇంట్లో భార్య యాకమ్మ అతన్ని పగటిపూట గంటసేపు కూడా భరించలేదు. ఆదివారాలు ఇద్దరికీ గండమే. అందుకని ఇక నోరు తెరవనని ఒట్టు పెట్టుకుని, వక్కపొడి దవడన కుక్కుకున్నాడు.

కాసేపటికి నర్సంపేట అవతలి పల్లె నుంచి పోశయ్య అనే రైతు వచ్చాడు. ఇంటికి వేసే వైరే, మూడు పెద్ద ముక్కలు కావాలన్నాడు. కొమురెల్లి నములుతూ బారలు లాగాడు. ఏమీ అడగలేదు. పోశయ్యే ఊరుకోలేదు.

"బాయిల మోటరుకు అన్నా. ఫ్లాట్ కేబుల్ పిరమున్నది, గన్ని పైసల్లేవు. మా బామ్మర్ది గిట్లనే మూడు పెనేసి దింపిండు, మంచిగ నడుస్తాంది."

"ఊ," అన్నాడు కొమురెల్లి. ఆ ఒక్క ఊ అనడానికి ప్రాణం గిలగిల్లాడింది.

"మా ఇంటామె మొగిలమ్మ గా నీళ్లల్లనే బట్టలు పిండుతది. జర గట్టిది చూసి ఇయ్యి."

వక్కపొడి గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూనే వైరు కట్ చేసి చేతికిచ్చాడు. రమాకాంత్ సంతోషించి చాయ్ చెప్పాడు. ముప్పై ఒక్కేళ్లలో దుకాణం ఖర్చుతో వచ్చిన మొదటి చాయ్ అది. కొమురెల్లి తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటి వైరుకు ఒకటే తొక్క. గోడలో, పైపులో, పొడిగా ఉన్నంతకాలం దానికి తిరుగులేదు. బావి నీళ్లలో నానితే ఎక్కడో ఒకచోట చిట్లుతుంది, కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఫ్లాట్ కేబుల్‌కు తొక్క మీద తొక్క ఉంటుంది. ఈ సంగతి తనకు తెలుసు, మొగిలమ్మకు తెలియదు. ఆమె ముఖమైనా అతను చూడలేదు. అయినా తన మీద తనకే రోత పుట్టింది.

గ్లాసు అక్కడే పెట్టి బస్టాండుకు పరుగెత్తాడు. కదలబోతున్న నర్సంపేట బస్సుకు అడ్డం నిలబడి, కండక్టరు చేత తిట్లు తిని, పోశయ్యను దించాడు.

"ఏందన్నా, దొంగ వైరా?" పోశయ్య బెదిరిపోయాడు.

"వైరు మంచిదే. నేనే మంచిగ చెయ్యలే. నడు."

దుకాణానికి వచ్చాక రమాకాంత్ గోడ మీది బోర్డు చూపించాడు. కట్ చేసిన వైరు వాపసు తీసుకోబడదు. ఆ అక్షరాలు రాసింది కొమురెల్లే.

"నా జీతంల పట్టుకో సేటు. ఆయనకు ఫ్లాట్ కేబుల్ ఇయ్యి."

"గిరాకీ ముందట దుకాణం ఇజ్జత్ తీసినవ్ కాకా. ఇగ రేపటి నుంచి ఇంట్లనే ఉండు."

కొమురెల్లి కేబుల్ తానే కొలిచి ఇచ్చి, బల్ల పక్కన కూర్చుని ఏదో రాసి, లేచాడు. తన వల్ల ఒక మనిషి పని పోయిందని పోశయ్యకు సిగ్గేసింది.

"నాకు జాయింట్ కట్టరాదన్నా. జర వస్తవా?"

కొమురెల్లి యాకమ్మకు ఫోన్ చేశాడు. సాయంత్రం దాకా రాడని విని ఆమె సంతోషించింది. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని పోశయ్య వెంట వెళ్లిపోయాడు.

వాపసు వచ్చిన వైరు బల్ల మీదే ఉండిపోయింది. దాని మెడకు అట్టముక్క కట్టి ఉంది: "ఇంట్లకే. బాయిల వెయ్యద్దు." నాలుగింటికి వచ్చిన గిరాకీ అది చదివాడు.

"మాది ఇల్లే. కానీ డాబా మీద కూలరుకు, వానకు తడుస్తది. వెయ్యొచ్చా?"

రమాకాంత్ అట్టముక్కను వెనక్కి తిప్పి చూశాడు. అక్కడేమీ రాసి లేదు.