జమానతు ఎలుక

గట్టు కింది బోనులో ఎలుక పడింది. కాల్చి పెట్టిన ఎండుకొబ్బరి కుడుక ముక్కను సగం కొరికేసింది కూడా. కొమురయ్య తలుపు సందులో చెయ్యి పెట్టి, మెడ వెనక తోలు పట్టి బయటికి లాగాడు. పొలం ఎలుక, వడ్లు తిని బలిసిన ఒళ్ళు. దాన్ని శ్వేతకు చూపించాల్సిన సంచిలో వెయ్యలేదు. చుట్టూ చూసి, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలో వేసి మూతి ముడేశాడు. తను చేస్తున్నది దొంగపని అని అతనికి తెలుసు.

శ్వేత జనగామ పిల్ల. టేకుమట్ల అవతల ఈ గుట్ట మీద ఎక్కడ ఏ ఎలుక బతుకుతుందో తన చదువు కోసం తెలుసుకోవడానికి వచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ మన్నూ గడ్డీ నీడా మారతాయట, వాటితోపాటు ఎలుకల జాతీ మారుతుందట. కింద మడిలో, నడుమ తుప్పల్లో, పైన బండ మీద బోనులు పెట్టాలంది. పెట్టే మనిషి ఎవరని ఊళ్ళో అడిగితే అందరూ ఎలుకల కొమురయ్య ఇల్లే చూపించారు. పేరు ముందు ఎలుకలు చేరడం అతనికి ఎప్పుడూ సిగ్గే. ఎన్ని ఎలుకలు పట్టినా కడుపులో ఎలుకలు పరుగెత్తిన రోజులే ఎక్కువ. ఎలుకల మందు గోలీలు వచ్చాక రైతులు పలకరించడం కూడా మానేశారు. అందుకే ఆ పిల్ల గడపలో నిలబడి "కాకా, నీతోని పనుంది" అన్ననాడు, భార్య గట్టమ్మ ముందరే అతనికి కళ్ళనీళ్ళొచ్చాయి.

పని బాగానే సాగింది. కింద బోను పెట్టడమే ఆలస్యం, పడేవి. నడుమ తుప్పల్లో పెద్ద చెవుల, సన్న మూతి ఎలుకలు దొరికాయి. పైన బండ మీద మాత్రం ఏదీ పడలేదు. ఖాళీ బోను చూసి శ్వేత "ఉత్తదేనా?" అంది. మామూలుగానే అంది. కొమురయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఉత్త బోను ఎవరికీ చూపించొద్దని అతని బాపు నేర్పాడు. అప్పట్లో ఎలుకలు పట్టేవాళ్ళు నిన్నటి ఎలుకనొకదాన్ని సంచిలో దాచుకుని పోయేవారు. చేనులో ఏదీ దొరక్కపోతే దాన్నే తీసి రైతుకు చూపించేవారు. దాని పేరు జమానతు ఎలుక, అంటే పూచీకత్తు ఎలుక. రైతుకు నమ్మకం కుదిరేది, చాటెడు వడ్లు దక్కేవి. కొమురయ్య పెద్దగా ఆలోచించనే లేదు. మర్నాడు పై బోనులో కింది మడి ఎలుక కూర్చుని ఉంది.

శ్వేత ఎగిరి గంతేసింది. దాని తోక కొలిచింది, చెవులు కొలిచింది, తిరిగి బండ మీదే వదిలింది. గడ్డిపోచ లేని ఆ రాతి మీద అది దిక్కుతోచక తిరుగుతుంటే కొమురయ్య తల తిప్పుకున్నాడు. ఆనాటి నుంచి అతనికి బువ్వ సయించడం లేదు. పానం బాగలేదా అని గట్టమ్మ అడిగితే మోకాళ్ళ నొప్పి మీదికి నెట్టాడు. ఎద పట్టేస్తున్న సంగతి చెప్పలేదు.

ఇవ్వాళ ఆఖరి రోజు. గుట్ట ఎక్కుతూ శ్వేత ఒకటే మాట్లాడుతోంది. పొలం ఎలుక అంత పైన బతుకుతుందని ఎవరూ అనుకోలేదట. వాళ్ళ సారుకు ఫోన్ చేసి చెప్పిందట. పెద్ద సభలో నిలబడి ఆ ఎలుక గురించే మాట్లాడుతుందట. కొమురయ్య నడుము దగ్గర సంచి కదిలింది. రేపు ఇంకెవరో వచ్చి ఇక్కడ బోనులు పెడితే ఈ పిల్ల నలుగురిలో అబద్ధాలకోరు అవుతుంది. అతను గబగబా ముందు నడిచాడు. పై బోను మళ్ళీ ఖాళీ. శ్వేత ఇంకా వెనకే ఉంది. ముడి విప్పితే చాలు.

విప్పలేదు. బండ మీద కూలబడి, ఆమె వచ్చాక సంచిని ముందు పెట్టాడు.

"గిది కిందిది బిడ్డా. ఆనాటిది గూడ కిందిదే. నేనే పెట్టిన."

శ్వేత వంగి సంచి మూతి కొద్దిగా విప్పి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"ఎందుకు కాకా?"

"ఉత్త బోను నీకెట్ల సూపెట్టాలె?"

"ఉత్తదైతే ఉత్తదనే రాసుకుందును గద. పైన లేకపోవుడు గూడ నాకు పనికొస్తది."

సిగ్గు తీరుతుందనుకున్నాడు. ఇంకా పెరిగింది. దాచాల్సిన పనే లేనిదాన్ని తనూ, తన బాపూ బతుకంతా దాచుకున్నారు. శ్వేత అక్కడినుంచే సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత ఎలుకను మడిలో వదిలిపెడతానని సంచి తీసుకుంది. కిందికి పోదాం రమ్మంది. బోనులన్నీ ఏరుకుని వస్తానన్నాడు కొమురయ్య.

"పైది ఒక్కటి ఉండనీయి బిడ్డా. రేపటిదాక సూద్దాం. ఈసారి ఏదుంటే అదే."

ఆమె తలూపి దిగిపోయింది.

ఎండ నెత్తి మీదికొచ్చినా అతను రాలేదు. శ్వేత, గట్టమ్మ కలిసి ఎక్కారు. కండువా తల కింద పెట్టుకుని కొమురయ్య బండ నీడలో పడుకుని ఉన్నాడు. పక్కన బోనులు తుడిచి పేర్చి ఉన్నాయి. "లే అయ్యా, ఇంటికి పోదాం" అంటూ భుజం తట్టిన గట్టమ్మ, ఊపిరి ఆగిన ఆ ఒంటి మీది నుంచి చెయ్యి తియ్యకుండా అక్కడే కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున శ్వేత ఒక్కతే గుట్ట ఎక్కింది. ఆ ఒక్క బోను అతను పెట్టిన చోటే తలుపు తెరుచుకుని ఉంది, లోపల కాల్చిన కుడుక ముక్క ఏ ఎలుకా కొరక్కుండా అట్లాగే ఉంది.