చెక్కపొడి దగ్గు

నా భార్య చాలా ఏళ్ళు సైన్యంలో లారీలు బాగుచేసింది. షెడ్డు వెనక గుంటలో టైర్లు, మందుసీసాలు, పాత నూనె కలిపి కాల్చేవారట. ఆ పొగలోనే పని, ఆ పొగలోనే తిండి. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నవాళ్ళని అక్కడ పనిదొంగలంటారు. ఆమె ఒక్కసారి కూడా అనిపించుకోలేదు. దాన్ని గొప్పగా చెప్పుకునేది.

బయటికొచ్చాక మాజీ సైనికుల చదువు సాయం ఇచ్చారు. ఫీజు, పుస్తకాలు, నెలనెలా ఇంటికి కొంత. నర్సు చదువులో చేరింది. నేను వడ్రంగిని, ఊరి బడి దాటి చదవలేదు. పిల్లలతో బెంచీ మీద కూర్చునే వయసా అని నవ్వాను. మీరు చేసే బెంచీల కన్నా అక్కడివే గట్టిగా ఉన్నాయంది. పొయ్యి దగ్గర నిలబడి, మా అమ్మాయి వింటుంటే ఎముకల పేర్లు వల్లించేది. పెళ్ళయ్యాక ఆమె ముఖం అంత కళగా ఎన్నడూ చూడలేదు. ఆ మాట దాచను.

రెండో ఏడు స్టెతస్కోపు తెచ్చింది. రోజూ నా ఛాతీ మీద పెట్టి నేర్చుకునేది. గుండె కూడా మీలాగే గొణుగుతోందని వెక్కిరించేది. ఒక సాయంత్రం తన ఛాతీ మీద పెట్టుకుని చాలాసేపు వింది. ఏమిటన్నాను. బాగానే ఉందంది. మళ్ళీ దాన్ని ఇంట్లో తియ్యలేదు.

అప్పుడప్పుడూ వచ్చే దగ్గు ముదిరింది. మీ చెక్కపొడి వల్లే అంది. నమ్మాను. బల్ల, రంపం పెరట్లో రేకుల కింద పెట్టుకుని వానాకాలమంతా తడుస్తూ చిత్రిక పట్టాను. దగ్గు తగ్గలేదు. ఆసుపత్రికి పదమంటే, తరగతులు తప్పితే సాయం ఆగిపోతుందనేది. పరీక్షలు కానివ్వమనేది.

పరీక్షలకు ముందే మంచాన పడింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నాడు డాక్టరు. నర్సు చదువుతూ తెలుసుకోలేదా అని ఆశ్చర్యపోయాడు. అప్పుడు నాకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడే తెలిసిందా అని అడిగాను. ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపింది.

“చెబితే చదువు మానిపించేవారు కదండీ.”

మానిపించేవాణ్ణే.

దహనం రోజున ఆమె పాత అధికారి వచ్చాడు. మిగిలిన చదువు సాయం మా కూతురికి వస్తుందని, అలాంటి అవకాశం అందరికీ దొరకదని చెప్పాడు. పొగగుంట సంగతేమిటన్నాను. గడియారం చూసుకున్నాడు. ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించను.

కూతురు అదే చదువు చదువుతానంది. వద్దన్నాను. మీ అమ్మ ఊపిరి తీసి ఇచ్చిన సీటు అది, ఆ గడప తొక్కద్దన్నాను.

“అమ్మ సంపాదించింది అదొక్కటే నాన్నా. పారేద్దామా?” అంది.

చేరింది.

నిన్న వాళ్ళమ్మ స్టెతస్కోపు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. నా బల్ల ఇంకా అక్కడే ఉంది, లోపలికి తేలేదు. ఏదో పాఠమట, చొక్కా గుండీలు తియ్యమంది.

“ముందు నీది విను” అన్నాను.

“నాదెందుకు?”

“విను. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

నవ్వబోయి, నా ముఖం చూసి మానుకుంది. చెవులకు తగిలించుకుని తన ఛాతీ మీద పెట్టుకుంది. నేను రంపం ఆపాను.

“బాగానే ఉంది” అంది.

మళ్ళీ వినమన్నాను.